బోయిగూడ పొగ

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో పదో నెంబరు ప్లాట్‌ఫాం వైపు నుంచి బయటికొస్తే బోయిగూడ. టింబర్ డిపోలు, పాత సామాను గోదాములు, వాటి మధ్యనే ఇళ్లు. కాస్త ముందుకెళితే గాంధీ ఆస్పత్రి. 2022 మార్చి 23 తెల్లవారుజామున ఇక్కడి ఒక తుక్కు గోదాంలో నిప్పంటుకుంది. పైన పన్నెండు మంది కూలీలు నిద్రలో ఉన్నారు. అందరూ బిహార్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. కిందికి రావడానికి ఉన్నది ఒకటే దారి, గోదాంలోకే దిగే ఇనుప మెట్లు. ఒక్కరు పైనుంచి దూకి ప్రాణం దక్కించుకున్నారు. మిగతా పదకొండు మందీ చనిపోయారు. మంటలార్పి లోపలికి వెళ్లిన ఫైర్ సిబ్బందికి వాళ్లు ఒకే చోట, ఒకరి మీద ఒకరు పడి కనిపించారు.

ఆ తరువాత జంట నగరాల్లో ఇలాంటివి వరసగా జరిగాయి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్ పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర, ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన కుర్రవాళ్లు, ఆడపిల్లలు. ఆ నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉంచిన అపార్ట్‌మెంటులో తొమ్మిది మంది. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది, వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. నిప్పు పుట్టిన కారణం ఒక్కోచోట ఒక్కోటి. పొగ పైకి పాకిన తీరు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మంట కంటికి కనపడుతుంది కాబట్టి మన భయమంతా దాని మీదే. కానీ ఇళ్లల్లో, కట్టడాల్లో జరిగే అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణం తీసేది పొగ. స్వప్నలోక్ మృతుల విషయంలో వైద్యులు చెప్పింది కూడా ఇదే, కార్బన్ మోనాక్సైడ్ పీల్చడం వల్ల పోయారని. గుర్తుపట్టలేనంతగా కాలిన దేహాన్ని చూసి మనిషి ఎలా పోయాడో పైనుంచి చెప్పలేం. శవపరీక్షలో దానికి ఆనవాళ్లుంటాయి. శ్వాసనాళంలో మసి దొరికితే నిప్పంటుకునేసరికి మనిషి ఊపిరి తీస్తున్నాడని అర్థం. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కొలిస్తే ఆ ఊపిరితో పాటు లోపలికి ఎంత విషం పోయిందో తెలుస్తుంది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది అతుక్కుంటుంది, ఆక్సిజన్ అతుక్కునే చోటే, దానికన్నా 200 నుంచి 250 రెట్లు గట్టిగా. ఆ అంకె ఎంత పెద్దదో లెక్క వేసి చూస్తేగానీ తెలియదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పట్టు 210 రెట్లు అనుకుందాం. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 0.1 శాతం ఉంటే చాలు, రెండూ సమానమైపోతాయి. వెయ్యి పాళ్ల గాలిలో ఒక్క పాలు. ఆ గాలినే పీలుస్తూ కూర్చుంటే కొన్ని గంటల్లో హిమోగ్లోబిన్‌లో సగం దాని వశమవుతుంది. మిగిలిన సగమైనా సరిగ్గా పనిచేస్తుందా అంటే అదీ లేదు. దాని దగ్గరున్న ఆక్సిజన్‌ను కణాలకు వదలకుండా బిగించి పట్టుకుంటుంది. అందుకే రక్తహీనతతో హిమోగ్లోబిన్ సగానికి పడిపోయిన మనిషి కన్నా, సగం హిమోగ్లోబిన్ ఇలా చిక్కుకుపోయిన మనిషి పరిస్థితి అధ్వానం.

ఇక మూసి ఉన్న గోదాం సంగతి. నిప్పుకు గాలి ధారాళంగా అందితే కార్బన్ చాలావరకు డయాక్సైడ్‌గా మారుతుంది. షట్టరు దించి, కిటికీలు లేని చోట నిప్పు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తనే తినేసి, ఆరకుండా ఉక్కిరిబిక్కిరిగా కాలుతుంది. అలాంటప్పుడు అదే కిలో సరుకు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. గాలిలో అది ఒక శాతానికి చేరితే రెండు మూడు నిమిషాల్లో స్పృహ పోతుంది.

పేలుడు, మంటల కన్నా ఈ వాయువే ఎక్కువ ప్రాణాలు తీస్తుందన్న విషయం బొగ్గు గనుల్లో బయటపడి వంద ఏళ్లు దాటింది. 1890ల్లో స్కాట్లాండుకు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. కొలిచిన మోతాదులో కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తూ, మధ్యమధ్యలో రక్తం తీసి పరీక్షిస్తూ, తనకు ఏమవుతోందో రాసుకున్నాడు. 1896లో గని పేలుళ్ల మీద ఇచ్చిన నివేదికలో, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పేలుడుకు కాక ఆ తరువాత వ్యాపించిన వాయువుకు బలయ్యారని తేల్చాడు. ఈ వాయువును ముందే పసిగట్టడానికి గనుల్లోకి చిన్న పక్షుల్ని తీసుకెళ్లే పద్ధతి ఆయన సలహాతోనే మొదలైంది. ఆయన కొడుకే జె.బి.ఎస్. హాల్డేన్, చివరి రోజుల్లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడై భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త.

ఈ వాయువు మనిషికి చేసే పనుల్లో నన్ను అన్నింటికన్నా కలచివేసేది ఒకటుంది. నొప్పి ఉండదు. తల భారమవుతుంది, ఆలోచన మందగిస్తుంది, కాళ్లలో సత్తువ పోతుంది. లేచి వెళ్లాలని తెలుస్తూనే ఉంటుంది, లేవలేరు. ప్రమాదాల్లో ఎన్నో దేహాలు తలుపుకు రెండడుగుల దూరంలో, కిటికీ కింద దొరకడానికి కారణమిదే. వాళ్లు తెలివితక్కువగా దారి తప్పినవాళ్లు కారు. దారి తెలిసే ఆగిపోయినవాళ్లు.

పొగలో ఉన్నది ఈ ఒక్క విషమే అయితే వైద్యం కాస్త సులువుగా ఉండేది. పారిస్‌లో ఫ్రెడెరిక్ బో అనే వైద్యుడు, ఆయన సహచరులు మంటల్లో చిక్కుకున్న 109 మంది రక్తాన్ని ప్రమాదం జరిగిన చోటే, ఏ చికిత్సా మొదలుపెట్టకముందే తీసి పరీక్షించారు. వాళ్లలో 43 మంది తరువాత చనిపోయారు. చనిపోయినవాళ్ల రక్తంలో సైనైడ్ మోతాదు, బతికినవాళ్లలో ఉన్నదానికన్నా సుమారు అయిదు రెట్లు ఉంది. 1991లో అచ్చయిన ఈ అధ్యయనం అగ్నిప్రమాద వైద్యాన్ని మార్చేసింది. సైనైడ్ అనగానే హత్యలూ ఆత్మహత్యలే గుర్తొస్తాయి కానీ, నైట్రోజన్ ఉన్న పదార్థం ఏది కాలినా అది హైడ్రోజన్ సైనైడ్ రూపంలో పుట్టవచ్చు. ఉన్ని, పట్టు, నైలాన్, అక్రిలిక్, అన్నిటికన్నా ముఖ్యంగా పాలీయురెథేన్ ఫోం. మన పరుపుల్లో, సోఫాల్లో, ఆటో సీట్లలో ఉండేది అదే. 2013 జనవరిలో బ్రెజిల్‌లోని శాంటా మరియా నైట్‌క్లబ్బులో 242 మంది చనిపోవడానికి కారణం, చప్పుడు బయటికి పోకుండా పైకప్పుకు అంటించిన ఈ ఫోమే.

కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ను దారిలో ఆపేస్తే, సైనైడ్ గమ్యంలో ఆపేస్తుంది. కణంలోని మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను వాడుకునే చివరి ఎంజైమును అది పట్టేస్తుంది. రక్తం ఆక్సిజన్ తెచ్చి గుమ్మంలో పెట్టినా కణం తీసుకోలేదు. గుండె, మెదడు ముందుగా చేతులెత్తేస్తాయి. రెండు విషాలూ కలిసి వచ్చినప్పుడు ఒక్కోటీ తక్కువ మోతాదులో ఉన్నా మనిషి నిలవడు.

ఇప్పుడు గోదాంలోకి వద్దాం. బోయిగూడ గోదాంలో ఉన్నవి పాత కాగితాలు, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్, కేబుళ్లు అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇవి తుక్కు వ్యాపారంలో మామూలు సరుకులే. పొగ దృష్టితో చూస్తే మాత్రం ఒక్కోటీ ఒక్కో రకం. కాగితం, కలప ప్రధానంగా సెల్యులోజు, అందులో నైట్రోజన్ నామమాత్రం. అవి గాలి చాలక కాలితే కార్బన్ మోనాక్సైడ్, మసి. కేబుళ్ల పైతొడుగుగా వాడే పాలిథిన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే, కొవ్వొత్తి మైనంలో ఉన్నవే. మైనంలాగే కరిగి, మండుతున్న చుక్కలుగా కిందికి కారుతూ నిప్పును ఒక బస్తా నుంచి ఇంకో బస్తాకు చేరవేస్తుంది.

ఇంటి వైర్లకు, పైపులకు వాడే పీవీసీ ఇంకో దారి. దాని బరువులో సగం పైచిలుకు క్లోరిన్. అందువల్ల త్వరగా అంటుకోదు, నిజంగా అది మంచి గుణమే. కానీ 200, 300 డిగ్రీల మధ్య వేడి తగిలితే చాలు, మంట రాకముందే అందులోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. కంటి తడిలో, ముక్కు తడిలో, గొంతు తడిలో కరిగి అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. కళ్లు తెరవలేరు. దగ్గుతో ఊపిరి బిగుసుకుపోతుంది. అలా దారి కనపడక ఆగిన ఒకటి రెండు నిమిషాల్లో కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ తమ పని పూర్తి చేస్తాయి. అగ్నిశాస్త్రంలో పొగలోని వాయువులను కళ్లు, గొంతు మండించేవి, మత్తెక్కించేవి అని విడదీసి చూస్తారు. ముందువి కాళ్లకు అడ్డం పడతాయి, వెనకవి ప్రాణం తీస్తాయి. ఈ బెడద తెలిసే మెట్రో సొరంగాల్లో, ఓడల్లో హాలోజన్ లేని, పొగ తక్కువ వచ్చే కేబుళ్లు వేస్తున్నారు. అలాంటి వైర్లు మన కొట్లలోనూ దొరుకుతాయి, ధర కొంత ఎక్కువ. అయితే తుక్కు గోదాంకు చేరేది ఇరవై ఏళ్ల కిందటి వైరు. ఏ కొత్త పదార్థం కనిపెట్టినా, పాతది కాలిపోయే ప్రమాదం తుక్కు కార్మికుడి తల కిందే ఇంకో తరం పాటు ఉంటుంది.

బ్యాటరీలు ఈ సరుకుల జాబితాలో కొత్తగా చేరాయి. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌ను వేడెక్కిస్తుంది, అది దాని పక్కదాన్ని. లోపలి ద్రవంలో ఉండే లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ విచ్ఛిన్నమై హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. స్వీడన్‌లో ఫ్రెడ్రిక్ లార్సన్ బృందం రకరకాల బ్యాటరీలను కాల్చి కొలిచి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం, ప్రతి వాట్ అవర్ సామర్థ్యానికి 20 నుంచి 200 మిల్లీగ్రాముల హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. స్కూటర్ బ్యాటరీ రెండు కిలోవాట్ అవర్లు అనుకుంటే 40 గ్రాముల నుంచి 400 గ్రాముల దాకా. ఎముకల్లోని కాల్షియాన్ని కూడా లాగేసే విషం అది. అలాంటి స్కూటర్లు ఒక నేలమాళిగలో పక్కపక్కనే పదుల సంఖ్యలో ఉంటే, పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గరి ఆ లాడ్జిలో దిగినవాళ్ల గదుల్లోకి మెట్ల దారి చిమ్నీలా ఏం మోసుకెళ్లిందో ఊహించుకోవచ్చు.

2022లో దేశంలో వరసగా జరిగిన స్కూటర్ ప్రమాదాల తరువాత కేంద్రం బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్ 156ను కట్టుదిట్టం చేసింది. 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలులోకి వచ్చాయి. ఒక సెల్ వేడెక్కితే అది మిగతావాటికి పాకుతుందా అన్న పరీక్ష అందులో భాగం. బ్యాటరీ రసాయనం మీద మన ఊళ్లోనే పని జరుగుతోంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ప్రయోగశాల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్ పదార్థాన్ని దేశీయంగా తయారుచేసే పద్ధతిని రూపొందించింది. ఈ పదార్థంలో ఫాస్ఫరస్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి, వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా బయటపడి మంటకు ఆజ్యం పోయదు. నికెల్, కోబాల్ట్ రకాల కన్నా ఇది నయం. అలాగని దీన్ని నిప్పంటని బ్యాటరీ అనుకోకూడదు. దాని లోపలా ఉండేది ఫ్లోరిన్ కలిసిన అదే ద్రవం.

బయటికి తెచ్చిన మనిషికి ఆస్పత్రిలో ఏం చేయగలం అన్నది తరువాతి ప్రశ్న. మొదటి చిక్కు వేలికి తగిలించే చిన్న పరికరంతోనే వస్తుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటరు రెండు రకాల కాంతిని, ఎరుపును, పరారుణాన్ని, వేలి గుండా పంపి ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, ఆ ఎరుపు కాంతికి ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ లాగే కనిపిస్తుంది. సగం రక్తం విషంతో నిండి మనిషి స్పృహ కోల్పోతుంటే తెర మీద 98, 99 అని చూపిస్తూనే ఉంటుంది. అసలు సంగతి తెలియాలంటే రక్తం తీసి, ఎక్కువ రకాల కాంతితో కొలిచే కో-ఆక్సీమీటరులో పెట్టాలి. పెద్దాస్పత్రుల్లో రక్తవాయువులు కొలిచే యంత్రాల్లో ఈ సదుపాయం ఉంటుంది. పొగలోంచి తెచ్చిన ఏ రోగినైనా వేలి పరికరం అంకె చూసి ఇంటికి పంపేయకూడదని ప్రతి క్యాజువాలిటీలో గోడ మీద రాసి పెట్టాలని నా కోరిక.

చికిత్స అంటే ఇప్పటికీ ఆక్సిజనే. మామూలు గాలిలో వదిలేస్తే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. బిగుతైన మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. ఒత్తిడి పెంచిన గదిలో పెట్టి ఇస్తే ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. అమెరికాలో లిండెల్ వీవర్ బృందం 152 మంది రోగుల మీద చేసి 2002లో ప్రచురించిన పరీక్షలో, మామూలు ఆక్సిజన్ తీసుకున్నవారిలో 46 శాతం మందికి ఆరు వారాల తరువాత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటి వాటిలో లోపాలు కనిపించాయి. ఒత్తిడి గదిలో చికిత్స పొందినవారిలో అది 25 శాతం. ఈ రెండో అంకె కూడా చిన్నదేమీ కాదు. బతికి బయటపడ్డాడు అని మనం ఊపిరి పీల్చుకున్న మనిషి, నెల తరువాత పేర్లు మరచిపోవచ్చు, చేసే పనిలో తప్పులు చేయవచ్చు. రోజుకూలీకి అది బతుకుదెరువు పోవడమే.

ఇక్కడే కొత్త పరిశోధన ఆశ కలిగిస్తోంది. అమెరికాలో మార్క్ గ్లాడ్విన్ బృందం కొన్నేళ్లుగా ఒక ప్రశ్న వెంట పడింది. హిమోగ్లోబిన్ కన్నా గట్టిగా కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టే ప్రోటీనును రక్తంలోకి ఎక్కిస్తే, అది ఆ విషాన్ని లాగేసుకుని మూత్రంలో బయటికి పోదా? 2016లో మెదడు కణాల్లో ఉండే న్యూరోగ్లోబిన్‌ను మార్చి ఎలుకల మీద ఫలితం చూపించారు. అయితే ఇలాంటి ప్రోటీన్లకు ఒక దుర్గుణముంది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా అవి తినేస్తాయి, దాంతో రక్తపోటు పెరుగుతుంది. అందుకని ఈసారి నేలలో బతికే ఒక బ్యాక్టీరియాను వెతికి పట్టుకున్నారు. పారాబర్కోల్డేరియా జెనోవొరాన్స్ అనే ఆ జీవి గాలిలో లవలేశంగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా పసిగడుతుంది, ఆర్‌కోమ్ అనే ప్రోటీనుతో. దాన్ని అవసరానికి తగ్గట్టు మలిచి ఎలుకలకు ఎక్కిస్తే, రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్‌లో సగం ఒక్క నిమిషం లోపే పోయింది. రక్తపోటు మీద ప్రభావం స్వల్పం. 2025 ఆగస్టులో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

గంట ఎక్కడ, నిమిషం ఎక్కడ? ఇది మనుషులకూ పనిచేస్తే 108 అంబులెన్సులోనే చికిత్స మొదలుపెట్టవచ్చు. కానీ ఎలుకకు మనిషికి మధ్య దూరం చాలా ఉంది. తగిన మోతాదు, మూత్రపిండాల మీద భారం, పరాయి ప్రోటీనుకు ఒంట్లో వచ్చే ఎదురు స్పందన, ఇవన్నీ దాటాలి. ఈ వార్తను ఇప్పుడే మందు వచ్చేసినట్టు చెప్పడం రోగులకు అన్యాయం చేయడమే అవుతుంది.

సైనైడుకు విరుగుడు మాత్రం ఉంది, దాన్ని మనం వేరే రూపంలో ఎరుగుదుం కూడా. విటమిన్ బి12లో ఒక రకం హైడ్రాక్సోకోబాలమిన్. అందులోని కోబాల్ట్ సైనైడ్‌ను పట్టుకుని సైనోకోబాలమిన్‌గా, అంటే మామూలు బి12గా మారి మూత్రంలో వెళ్లిపోతుంది. పాత విరుగుడు సోడియం నైట్రైట్ కొంత హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేసి సైనైడును పట్టేది. అసలే కార్బన్ మోనాక్సైడ్‌తో సగం హిమోగ్లోబిన్ పోయిన రోగికి అది మరింత ముప్పు. హైడ్రాక్సోకోబాలమిన్‌తో ఆ భయం లేదు. ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి వాడాక, 2006 డిసెంబరులో అమెరికా కూడా అనుమతించింది. పెద్దవాళ్లకు మోతాదు అయిదు గ్రాములు. బలానికి వేసుకునే బి12 సూదిలో ఉండేది సాధారణంగా ఒక మిల్లీగ్రాము. అయిదు వేల సూదులంత మందు ఒక్కసారిగా నరంలోకి ఎక్కించాలి. చర్మం, మూత్రం కొన్నాళ్లు ఎర్రబడతాయి. ఖరీదైన మందే. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఇలాంటి ప్రమాదం చూస్తున్న నగరంలో, పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో పది మందికి సరిపడా నిల్వ ఉంచడం భారమని నేను అనుకోను.

అయినా లెక్కంతా నిమిషాల్లో ఉంది. అమెరికాలోని అండర్‌రైటర్స్ ల్యాబరేటరీస్ ఒకే కొలతల గదులను రెండు రకాలుగా సర్ది కాల్చి చూసింది. పాతకాలపు కలప, నూలు సామాను ఉన్న గది మొత్తం అంటుకోవడానికి అరగంట పట్టింది. నేటి ఫోం, ప్లాస్టిక్ సామాను ఉన్న గదికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫైరింజన్ ఎంత వేగంగా వచ్చినా ఈ అయిదు నిమిషాల కన్నా ముందు చేరడం కష్టం.

నిద్రలో ఉన్నవాళ్లకు ఆ అయిదు నిమిషాలు కూడా ఉండవు. పొగ వాసనకు మెలకువ వస్తుందిలే అని మనలో చాలామందికి ధీమా. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్, రేచెల్ హెర్జ్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో, నిద్రపోతున్నవాళ్ల ముక్కు దగ్గర పుదీనా వాసన, ఘాటైన పిరిడీన్ వాసన వదిలారు. కునుకుపాటు దశలో స్పందించారు. గాఢనిద్రలో లేవలేదు. అదే శబ్దం చేస్తే లేచారు. అంటే రాత్రిపూట మనిషి ముక్కు కాపలా కాయదు, చెవి కాస్తుంది. అందులోనూ ఏ శబ్దమైనా సరే అనుకోవడానికి లేదు. అమెరికాలోని కొలంబస్‌లో 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 176 మందితో చేసి 2018లో అచ్చేసిన పరిశోధనలో, మామూలు కీచు అలారానికి సుమారు సగం మందే లేచారు. తల్లి గొంతుతో రికార్డు చేసిన అలారానికి పదిమందిలో దాదాపు తొమ్మిది మంది లేచారు. గది దాటి బయటికి రావడానికి కీచు అలారంతో మధ్యస్థంగా 282 సెకన్లు పడితే, తల్లి గొంతుతో 18 నుంచి 28 సెకన్లు. గుల్జార్ హౌజ్‌లో పోయిన పిల్లలను తలచుకుంటే ఈ అంకెలు చదవడం కష్టంగా ఉంటుంది.

మెలకువ వచ్చాక చేయవలసినవాటిలోనూ కొన్ని అపోహలున్నాయి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటే మసిని, కొంత ఆమ్ల వాయువును ఆపుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. గుడ్డ ఉందన్న భరోసాతో పొగలోకి నడవకూడదు. వేడి పొగ పైకి లేస్తుంది కనుక నేలకు దగ్గరగా పాకడం మంచిదే. దారి పొగతో నిండి ఉంటే గది తలుపు వేసుకుని, సందుల్లో బట్టలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి అరవడం మెరుగు. తలుపు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్, తెరిచిన గదిలోకన్నా దాదాపు వందో వంతే ఉన్నట్టు అమెరికా ప్రయోగాల్లో తేలింది. ఒక చెక్క తలుపు అంత పని చేస్తుంది. తలుపే లేని చోట పడుకున్నవాళ్లకు ఆ అవకాశమూ లేదు.

మంటలార్పేవాళ్లను కూడా ఈ పొగ వదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో, బోయిగూడ ప్రమాదం జరిగిన ఆ ఏడాదే, అగ్నిమాపక ఉద్యోగాన్ని క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. మీసోథీలియోమా, మూత్రాశయ క్యాన్సర్ల విషయంలో సాక్ష్యం బలంగా ఉందంది. శ్వాసకు సిలిండరు పెట్టుకున్నా చర్మం గుండా, బట్టలకు పట్టిన మసి గుండా విషాలు ఒంట్లోకి పోతాయి. మంటలారాక మర్నాడు కాలిన తుక్కును తవ్వి రాగి ఏరే మనిషికి సిలిండరూ ఉండదు, చేతికి తొడుగూ ఉండదు. ఆ పని బోయిగూడలో, పక్కనే ఉన్న భోలక్‌పూర్‌లో బతుకు కోసం చేసేవాళ్లెందరో. వాళ్ల ఆరోగ్యం మీద ఫైర్ సిబ్బందికి జరిగినంత అధ్యయనం జరగాలి.

ఇక చట్టం. ఉమ్మడి రాష్ట్రం నుంచి వస్తున్న నిబంధనల్లో అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ ప్రధానంగా ఎత్తును బట్టి ఉంటుంది. వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాసాలకు 18 మీటర్లు. అయిదారు మీటర్ల గోదాం మీద పన్నెండు మంది పడుకుంటే ఆ గీటురాయి వాళ్లను తాకదు. ఎత్తు ఫైరింజన్ నిచ్చెనకు కొలమానం. పొగకు కావలసిన కొలతలు వేరు. కింద ఏ సరుకు ఎన్ని బస్తాలుంది, పైన ఎందరు నిద్రపోతారు, ఆ రెండింటికీ మధ్య ఉన్నది స్లాబా, రేకా, తెరిచిన మెట్లా? ఈ మూడు ప్రశ్నలతో జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు తనిఖీ చేస్తే చాలావరకు బయటపడుతుంది. సరుకు మీద మనుషులు పడుకోకూడదన్నది మొదటి నియమం. పడుకోక తప్పని చోట, కూలీకి వేరే గది అద్దెకు తీసుకునే స్తోమత వచ్చేదాకా, గోడ బయటినుంచి వీధిలోకి నేరుగా దిగే రెండో మెట్లు, మెట్ల నోటికి మూసుకునే తలుపు, కింద గోదాం పైకప్పుకు పొగ పసిగట్టే పరికరం ఉండాలి. దాని సైరన్ మాత్రం గోదాంలో కాకుండా పైన, నిద్రపోయేవాళ్ల తలాపున మోగాలి.